ఎడమ వైపు నీడ

ఫిబ్రవరి 4

డిపార్ట్‌మెంటుకి కొత్త కెమెరా వచ్చింది. పాతది పదకొండేళ్ళు పనిచేసింది. చివరి ఏడాది షట్టర్ నొక్కితే ముసలాయన దగ్గినట్టు చప్పుడు చేసేది. ఆఫీసు రిజిస్టర్లో రాయాల్సినవి రాశాను. ఈ నోటుబుక్కు మాత్రం నా సొంతం. కొత్త కెమెరా గురించి నేను తెలుసుకున్నవి ఇందులో రాసుకుంటాను. అంతకు మించి ఏమీ లేదు.

మా డిపార్ట్‌మెంటులో ముఖాలకు ఆపరేషన్లు చేస్తారు. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఆ ముఖాల్ని ఫోటో తీయడం నా పని. ఎదురుగా ఒకటి, కుడి పక్క, ఎడమ పక్క, ఏటవాలుగా రెండు. మొత్తం ఐదు. నవ్వకూడదు. గోడ రంగు, లైట్ల దూరం, స్టూలు ఎత్తు ఏవీ మారవు. కెమెరా సొంతంగా వెలుతురు కొలవాల్సిన అవసరమే రాదు, అంకెలన్నీ చేత్తో పెట్టేసి ఉంటాయి. పంతొమ్మిదేళ్ళుగా అవే అంకెలు.

బయట మామూలు పోర్ట్రెయిట్ తీయాలంటే కథ వేరు. కెమెరాకి కొలత అప్పజెప్పాలి. ఇందులో వెలుతురు కొలిచే పద్ధతులు, అంటే మీటరింగ్ పద్ధతులు, నాలుగున్నాయి. మ్యాట్రిక్స్ ఫ్రేమంతా చూసి ఒక సగటు తేలుస్తుంది. సెంటర్ వెయిటెడ్ మధ్యలో ఉన్నదానికి పెద్దపీట వేస్తుంది. స్పాట్ ఒక్క చుక్క మేరే చూస్తుంది, మిగతా ప్రపంచంతో దానికి పని లేదు. నాలుగోది హైలైట్. బాగా వెలిగే చోటు తెల్లగా మాడిపోకుండా కాపాడుతుంది.

మనిషి ముఖానికి వీటిలో ఏది మంచిదో తేల్చాలి. కెమెరా ఇంటికి తీసుకెళ్ళడానికి డాక్టరమ్మ సంతకం పెట్టింది. "చెయ్యి అలవాటు చేసుకోండి," అంది.

ఫిబ్రవరి 9

అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఒరేయ్ లెన్సూ, కొత్త కెమెరా వచ్చిందటగా. వచ్చి నాకో ఫోటో తియ్యి."

"ఎందుకిప్పుడు?"

"ఎందుకేంట్రా? ముప్ఫై తొమ్మిదేళ్ళ నుంచి అందరి మొహాలూ బాగుచేస్తున్నా. నా మొహం ఒక్క ఫోటోలోనూ సరిగ్గా లేదు."

"నీ మొహానికి అంత కెమెరా అక్కర్లేదన్నయ్యా."

"అది నువ్వు చూసి చెప్పు. దగ్గర్నుంచి తియ్యాలి. మొహం ఒక్కటే."

సరేనన్నాను. మీటరింగ్ పరీక్షించడానికి అన్నయ్య సెలూన్‌ని మించిన చోటు దొరకదు. అద్దాలు, పనిలో అన్నయ్య వేసుకునే తెల్ల కోటు, కుర్చీ వెనక వీధి వైపు పెద్ద కిటికీ. కెమెరాని తికమక పెట్టేవన్నీ ఒకే గదిలో ఉన్నాయి.

ఫిబ్రవరి 11

సెలూన్‌కి సెలవు రోజు. అన్నయ్య కుర్చీ దులిపి తనే కూచున్నాడు.

"ఇక్కణ్ణుంచి చూస్తే నా కొట్టు ఇలా ఉంటుందా!" అన్నాడు. ఆ కుర్చీ నాన్నది. నాన్న పోయేసరికి అన్నయ్యకి పదిహేడు, నాకు తొమ్మిది. బడి మానేసి ఆ కుర్చీ వెనక నిలబడ్డవాడు ఇప్పటికీ నిలబడే ఉన్నాడు. నేను మాత్రం బడి మానలేదు.

మ్యాట్రిక్స్ పెట్టాను. అనుకున్నట్టే అయింది. వెనక కిటికీ వెలుగంతా లెక్కలోకి వచ్చి ముఖం నల్లబడింది. కళ్ళు తెలియడం లేదు. పన్నెండు ఫోటోలు. ఎడమ చెవి కింద, దవడ మలుపు దగ్గర చిన్న నీడ. అద్దంలోంచి తిరిగొచ్చే వెలుతురు ఒక వైపే పడుతోంది కాబట్టి అలా వచ్చింది.

"ఏమైనా కనిపించిందా?" అన్నాడు అన్నయ్య.

"వెలుతురు సరిగ్గా లేదు. మళ్ళీ వస్తాను."

"సరే, తొందరేం లేదు," అన్నాడు.

ఫిబ్రవరి 13

ముఖం ఒక వైపు ఎక్కువ వెలుతురు, ఇంకో వైపు తక్కువ వెలుతురు ఉన్నప్పుడు సగటు తీస్తే రెండు వైపులా అన్యాయమే. మ్యాట్రిక్స్ పోర్ట్రెయిట్‌కి పనికిరాదు. కొట్టేశాను.

ఫిబ్రవరి 20

సెంటర్ వెయిటెడ్. ఈసారి కుర్చీని పూర్తిగా తిప్పించాను, కిటికీ వెనక నుంచి ఎదురుకి వచ్చింది. ఫ్రేములో ముఖం పైన, తెల్ల కోటు సరిగ్గా మధ్యలో. కోటు తెలుపు చూసి కెమెరా బెదిరి మొత్తం తగ్గించేసింది.

"కోటు విప్పెయ్," అన్నాను.

"కోటు లేకపోతే నేనెవర్నిరా? వీధిలో పోయే మనిషిని."

విప్పలేదు. ముఖాన్ని మధ్యకి తెచ్చి, బాగా దగ్గరికి జరిగి తీశాను. వెలుతురు బాగుంది. నీడ ఉంది. కిటికీ ఎదురుగానే ఉన్నా ఉంది. కోటు కాలరు నీడేమో.

వదిన టీ తెచ్చింది. వాళ్ళ ఇల్లు సెలూన్ వెనకే. "ఫోటో ఒకటేగా, సినిమా తీస్తున్నట్టు ఇన్నిసార్లా?" అంది.

"కళాకారుడే వాడు. నువ్వూరుకో," అన్నాడు అన్నయ్య. నా వైపు తిరిగి, "ఎలా ఉంది? అంతా బాగానే ఉందా?" అన్నాడు.

"కాలరు నీడ పడుతోంది."

"అంతేనా?"

"అంతే."

ఫిబ్రవరి 21

కాలరు నీడే.

ఫిబ్రవరి 22

కాలరు నీడ దవడ మీద అంత పైకి పడదు. మీటరింగ్ తేడా అయ్యుంటుంది.

మార్చి 6

పని ఎక్కువగా ఉండి రెండు వారాలు వెళ్ళలేకపోయాను. డిపార్ట్‌మెంటులో రోజుకి ఆరేడుగురు. నిజానికి మామూలుగానే ఆరేడుగురు ఉంటారు.

ఈరోజు స్పాట్. ఇదే సరైనదని మొదటి నుంచీ నా అనుమానం. చుక్కని చెంప మీద పెట్టి, కొలత బిగించి, ఫ్రేము సర్దుకుని నొక్కడమే. కిటికీ ఎంత వెలిగినా, కోటు ఎంత తెల్లగా ఉన్నా దీనికి పట్టదు. ఒక్క చిక్కు ఉంది. చుక్క దేని మీద పెడితే దాన్ని ఈ కెమెరా బూడిద రంగుకి తెచ్చేస్తుంది. మా ఇంట్లోవాళ్ళ ఒంటి రంగు దానికి తెలీదు. అన్నయ్య చెంపని ఉన్నదానికన్నా తేలిక చేసి చూపించింది. వెలుతురు కొలతలో ఒక మెట్టుని స్టాపంటారు, అందులో మూడింట రెండొంతులు తగ్గిస్తే అన్నయ్య అన్నయ్యలా వచ్చాడు.

కుడి చెంప మీద పెట్టి తీసినవి బాగున్నాయి. ఎడమ చెంప మీద చుక్క నిలవలేదు. దవడ మలుపు దగ్గర ఒక చోట ఒక అంకె, వేలెడు దూరంలో ఇంకో అంకె. ముఖం ఏటవాలుగా తిప్పమన్నాను. ఎడమ వైపు కనపడకుండా తీస్తే ఫోటో చాలా బాగుంది.

తీస్తుండగా లెక్కల మాస్టారు వచ్చాడు. రిటైరై పదేళ్ళయింది. జుట్టు కత్తిరించుకోవడానికి నెలకోసారి, పేపరు చదవడానికి రోజూ వస్తాడు. కళ్ళజోడు పైకి నెట్టి అన్నయ్యని చూశాడు.

"ఏమయ్యా, ఆ బుగ్గ వాచినట్టుందే?"

"పన్ను మాస్టారూ," అన్నాడు అన్నయ్య. అని నా వైపు చూశాడు.

"పన్నే అయ్యుంటుంది," అన్నాను.

"పన్నంటే పీకించుకో మరి," అని మాస్టారు పేపరు విప్పాడు.

మార్చి 7

పన్ను వాపు దవడ ముందుకి ఉంటుంది. చెవి కిందికి రాదు.

ఈ పుస్తకం కెమెరా కోసం పెట్టుకున్నది.

మార్చి 12

వెళ్ళలేదు.

మార్చి 19

ఈరోజు వచ్చిన వాళ్ళలో ఒకావిడ బస్సు డ్రైవరు. కుడి చెవి కింద గడ్డ, నిమ్మకాయంత. అక్కడ లాలాజలం తయారుచేసే గ్రంథి ఉంటుంది. ముఖాన్ని కదిలించే నరం సరిగ్గా దాని మధ్యలోంచి పోతుంది. అందుకే అక్కడ కత్తి పెట్టాలంటే మా డాక్టరమ్మ కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

స్టూలు మీద నిటారుగా కూచుంది, స్టీరింగ్ ముందు కూచున్నట్టు.

"మీరు రోజూ చూస్తుంటారుగా. ఇది మంచిదా, చెడ్డదా?" అని అడిగింది.

"నేను ఫోటోలు మాత్రమే తీస్తానమ్మా. డాక్టరుగారు చెప్తారు."

"మా ఆయనా అంతే, డాక్టర్నడుగు అన్నాడు. ఆయన మొహం చూస్తే తెలీడం లేదూ? అది చూసే నేను ఇక్కడికొచ్చాను."

ఐదు ఫోటోలు తీశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

మార్చి 25

అన్నయ్య ఫోన్. ఎత్తేసరికి ఆగిపోయింది. తిరిగి చేద్దామనుకుంటే బస్సు వచ్చింది.

ఏప్రిల్ 2

మబ్బు పట్టింది. నాలుగు వైపుల నుంచీ ఒకే వెలుతురు. ముఖాలకి ఇంతకన్నా మంచి వెలుతురు ఉండదు. ఇలాంటి వెలుతురులో నీడలు పడవు. పడకూడదు.

నాలుగో పద్ధతి మిగిలింది కదా అని వెళ్ళాను. హైలైట్ పెట్టాను. తెల్ల కోటు మీద ప్రతి మడతా వచ్చింది. ముఖం చీకటైంది. పోర్ట్రెయిట్‌కి కాదు, పెళ్ళికూతురి తెల్ల గౌనుకైతే పనికొస్తుందేమో.

అన్నయ్య టీ తాగుతుంటే ఎడమ మూల నుంచి కారి కోటు మీద పడింది. తుడుచుకుని నవ్వాడు. నవ్వు కుడి వైపుకే వెళ్ళింది.

"ఇంకోటి తియ్యరా. దగ్గరగా తియ్యి," అన్నాడు.

"వెలుతురు లేదన్నయ్యా."

"లేదా?"

"లేదు."

చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత లేచి, కడిగి పెట్టిన దువ్వెనల్నే మళ్ళీ కడిగాడు.

ఏప్రిల్ 3

స్పాట్ మీటరింగ్‌లో తప్పేమీ లేదు.

ఏప్రిల్ 5

పొద్దున్న పదకొండున్నరకి నర్సు వచ్చి టేబుల్ మీద ఒక చీటీ పెట్టింది. మగ, 56. ఎడమ చెవి కింద గడ్డ. ఎడమ పెదవి మూల బలహీనత. ఐదు ఫోటోలు. పేరు చూశాను. మా ఇంటి పేరు.

తలుపు తీస్తే అన్నయ్య బెంచీ మీద ఉన్నాడు. పక్కన వదిన. చేతిలో ఆయన చొక్కా మీద వేసుకునే తెల్ల కోటు మడతపెట్టి పట్టుకుంది. పని మధ్యలోంచి లాక్కొచ్చినట్టుంది.

"నాకు ఒక్క మాట చెప్పకుండా వచ్చారేంటి?" అన్నాను.

"చెప్తే ఏం చేసేవాడివి?" అంది వదిన. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది.

అన్నయ్య లోపలికొచ్చి గది నలుమూలలా చూశాడు. "ఇదేనా నీ కొట్టు? అద్దమే లేదేంట్రా," అన్నాడు.

స్టూలు ఎత్తు సరిచేశాను. ఎదురుగా ఒకటి. కుడి. ఎడమ. ఏటవాలుగా రెండు.

"నవ్వనా?"

"నవ్వకూడదు."

"నవ్వు రావట్లేదు కూడా లే."

పళ్ళు చూపించమన్నాను, కళ్ళు గట్టిగా మూయమన్నాను. నరం సంగతి తెలియడానికి అవి కూడా కావాలి. ఎడమ పెదవి లేవలేదు. ఎడమ కన్ను మూసుకుంది, కానీ ఆలస్యంగా. రిజిస్టర్లో వరుస సంఖ్య వేసి, చేసిన పని గడిలో "ఐదు + రెండు" అని రాశాను.

గడ్డ ఇప్పుడు కోడిగుడ్డంత ఉంది.

ఏప్రిల్ 8

సూది పెట్టి తీసిన ముక్క రిపోర్టు వచ్చింది. చెడ్డదే.

డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూచోబెట్టి మాట్లాడింది. ఆవిడ ఏదీ తిప్పి చెప్పదు. ఎప్పటి నుంచి ఉందని అడిగింది. అన్నయ్య, "ఈమధ్యే," అన్నాడు.

"ఈమధ్యే అంటే వారమా, ఏడాదా?"

"చెప్పలేనమ్మా."

"ఎంత వేగంగా పెరిగిందో తెలిస్తే ఎంతవరకు తీయాలో తేల్చుకుంటాను. నెమ్మదిగా పెరిగిందైతే నరం కాపాడ్డానికి చూస్తాను. వేగంగా పెరిగిందైతే నరంలో ఆ కొమ్మ తీసెయ్యాల్సిందే, మిగిల్చితే మళ్ళీ వస్తుంది. పాత ఫోటోలేమైనా ఉన్నాయా? ఈ ఆర్నెల్లవి?"

వదిన వెంటనే నా వైపు తిరిగింది. "ఉన్నాయి కదా. నువ్వే తీశావుగా ఇన్నిసార్లు."

"వెతకాలి," అన్నాను.

ఏప్రిల్ 9

వెతుకుతున్నాను.

ఏప్రిల్ 10

వెతకడానికి ఏమీ లేదు. నా సొంత కార్డులో నాలుగు ఫోల్డర్లు. ఫిబ్రవరి 11, ఫిబ్రవరి 20, మార్చి 6, ఏప్రిల్ 2. ప్రతి ఫోటో మీద తేదీ, గంట, ఏ మీటరింగ్ వాడానో కెమెరాయే రాసి పెట్టింది.

కంప్యూటర్లో వరుసగా పెట్టి చూశాను. మొదటిది బఠాణీ గింజంత. అంత నల్లటి ఫోటోలో కూడా ఉంది. ఇంకెవరికైనా తెలియకపోవచ్చు. నాకు తెలియకపోవడానికి వీల్లేదు. ఇలాంటివి వారానికి రెండు చూస్తాను.

అన్నీ ఎంచుకుని తుడిచెయ్యడానికి రెండు మీటలు చాలు. కార్డు పాడైందని చెప్పొచ్చు. కార్డులు పాడవుతూనే ఉంటాయి. కాసేపు అలాగే కూచున్నాను. తర్వాత భోజనం చేశాను. మళ్ళీ వచ్చి కూచున్నాను.

వేగంగా పెరిగిందని తెలియకపోతే డాక్టరమ్మ నరం మిగులుస్తుంది. మిగిలిస్తే మళ్ళీ వస్తుంది.

ఏప్రిల్ 11

ఇచ్చేశాను.

డాక్టరమ్మ నాలుగు ఫోటోల్ని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. స్కేలుతో కొలిచి కాగితం మీద ఏదో రాసుకుంది.

"ఇవి చాలా ఉపయోగం. ఏడు వారాల్లో ఇంత పెరిగింది. నరం కొమ్మ తీసేస్తాను, తర్వాత రేడియేషన్ కూడా," అంది. ఆ తర్వాత కళ్ళజోడు తీసింది. "ఇవి మీరే తీశారా?"

"అవునండి."

"ఫిబ్రవరి పదకొండున మీకు కనపడలేదా?"

"వెలుతురు..." అని మొదలుపెట్టాను. ఆవిడ ఎదురుచూసింది. "కనపడింది," అన్నాను.

"అప్పుడే తీసుకొస్తే నరం మిగిలేదాండీ?" అని నేనే అడిగాను.

"మిగిలేదేమో. ఖచ్చితంగా చెప్పలేను." కళ్ళజోడు పెట్టుకుంది. "మీ వాళ్ళకి చెప్పారా?"

"లేదు."

"చెప్పండి. నేనైతే చెప్పను. అది నా పని కాదు."

ఏప్రిల్ 13

సెలూన్‌కి వెళ్ళాను. అన్నయ్య మాస్టారి మెడ మీద వెంట్రుకలు దులుపుతున్నాడు. మాస్టారు వెళ్ళేదాకా ఆగాను. ఆయనకి ఈరోజే ప్రపంచ రాజకీయాలన్నీ మాట్లాడాలనిపించింది.

ఆయన వెళ్ళాక చెప్పాను. నిలబడే చెప్పాను.

"అన్నయ్యా, మొదటి రోజే కనపడింది నాకు."

"ఏది?"

"గడ్డ. మొదటి ఫోటోలోనే. అదేంటో కూడా తెలుసు. వెలుతురనీ కాలరనీ పన్ననీ అబద్ధాలు చెప్పాను. నాలుగుసార్లూ."

చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు.

"మొదటి రోజేనా?"

"మొదటి రోజే."

చీపురు గోడకి ఆనించి, కస్టమర్ల బెంచీ మీద కూచున్నాడు. అక్కడ కూచుంటే ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

"నేను రోజూ గడ్డం గీసుకుంటాన్రా. చేతికి తగులుతూనే ఉంది. జనవరిలోనే తగిలింది. నాకు తెలీదనుకున్నావా?"

కుర్చీ మీది గుడ్డ తీసి మడతపెట్టాను.

"డాక్టర్ దగ్గరికెళ్తే ఏం చెప్తారోనని భయమేసింది. నువ్వు రోజూ అలాంటివే చూస్తావు కదా, నీకొకసారి చూపిద్దాం అనుకున్నా. ఒరేయ్, ఇక్కడ గడ్డ ఉంది చూడు అని అడగడానికి నోరు రాలేదు. అందుకే ఫోటో తియ్యమన్నా. దగ్గర్నుంచి తియ్యమన్నా. చూస్తే నువ్వే ఏదో ఒకటి అంటావు కదా అని."

"అన్నయ్యా..."

"నువ్వేమీ అనలేదు. నాలుగుసార్లు అడిగా. ఏమీ అనలేదు. సరే, ఏమీ లేదు కాబోలు అనుకున్నా. ఇంట్లోకెళ్ళి మీ వదినతో కూడా అదే అన్నా. వాడు చూశాడే, వాడికి తెలీదా, ఏమైనా ఉంటే చెప్పేవాడు కదా అని."

బయట ఎవరో వచ్చి కొట్టు తెరిచే ఉందా అని అడిగారు. లేదన్నాడు. తెరిచే ఉంది.

"నీకెందుకు భయం?" అన్నాడు. "గడ్డ నాది కదా."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న శవాన్ని గుర్తుపట్టడానికి ఆస్పత్రికి అన్నయ్య ఒక్కడే వెళ్ళాడు. నన్ను గేటు బయట నిలబెట్టి, అటు చూడకు అన్నాడు. దానికీ దీనికీ సంబంధం లేదు.

"ఇప్పుడు నిన్ను చూడాలని లేదురా," అన్నాడు. "ఇంటికెళ్ళు. రేపు రా."

గుమ్మం దగ్గర వదిన ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. అంతా విన్నదని మాత్రం తెలిసింది.

"వాడు చూశాడు అన్న మాట పట్టుకుని రెండు నెలలు కూచున్నాను నేను," అంది. పక్కకి జరిగి దారి ఇచ్చింది.

ఏప్రిల్ 14

వెళ్ళాను. అన్నయ్య అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఎడమ వైపు బ్లేడు చాలా నెమ్మదిగా నడిపాడు. నేను కూచోలేదు. "టవలందుకో," అన్నాడు. అందించాను.

వదిన బయటికి రాలేదు.

ఏప్రిల్ 17

ఆపరేషన్ ఆరు గంటల నలభై నిమిషాలు. నేనూ వదినా ఒకే బెంచీకి రెండు చివర్ల కూచున్నాం. మధ్యలో ఒకసారి ఆవిడ నీళ్ళ సీసా నా వైపు జరిపింది. తాగాను. తిరిగి జరిపాను.

నరంలో కింది కొమ్మ తీసేశారు. కంటికి వెళ్ళే కొమ్మ దక్కింది. గడ్డ చుట్టూ అంచులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది.

ఏప్రిల్ 18

అన్నయ్య మూతికి కట్టు ఉంది. పలక మీద రాసి చూపించాడు: "ఇక్కడ క్షురకుడు ఎవడోగానీ పని రాదు. నా తల సగం గీకాడు."

ఏప్రిల్ 29

వదిన మాట్లాడటం లేదు. అన్నం మాత్రం నాకూ పెడుతుంది. పేరు పెట్టి పిలవదు.

మే 15

రేడియేషన్ మూడో రోజు. రోజూ పొద్దున్నే అన్నయ్యని తీసుకెళ్ళి తీసుకొస్తున్నాను. దారిలో ఆయన మాట్లాడతాడు, మాటలు ముద్దముద్దగా వస్తాయి. పెదవి మూల నుంచి గాలి పోతుంది. అర్థం కానివి మళ్ళీ అడుగుతున్నాను. ముందైతే అర్థమైనట్టు తలూపేసేవాణ్ణి.

మే 28

మెడ మీద చర్మం నల్లబడింది. గొంతు మంట. గంజి కూడా దిగడం లేదు. ఇంకో రెండు వారాలు ఇంతేనన్నారు.

జూన్ 3

ఉద్యోగంలో ఒక చిన్న గొడవ. ఫోటోకి వచ్చిన ఒకాయన మెడ మీద పుట్టుమచ్చ చూసి, ఇది కూడా డాక్టరుకి చూపించండి అన్నాను. ఆయన భయపడి కళ్ళు తిరిగి పడిపోయాడు. నర్సు నన్ను చీవాట్లు పెట్టింది. మామూలు మచ్చేనట. పర్వాలేదు.

జూన్ 24

సెలూన్ తెరిచి నాలుగు రోజులైంది. మాస్టారు మొదటి కస్టమరు. ఉన్న నాలుగు వెంట్రుకల్నీ గంటసేపు కత్తిరించాడట అన్నయ్య.

కెమెరా తీసుకెళ్ళాను. స్పాట్ పెట్టాను. చుక్క ఎడమ చెంప మీద, దవడ మలుపుకి కాస్త పైన. మూడింట రెండొంతులు తగ్గించాను. ఒక్కటే తీశాను. కిటికీ తెల్లగా మాడిపోయింది. మాడనిచ్చాను.

చిన్న తెరలో చూపిస్తే చాలాసేపు చూశాడు.

"సగం మొహం అలిగినట్టుంది," అన్నాడు.

"అలిగినట్టే ఉంది."

"బాగుంది. ఉంచు."

పోర్ట్రెయిట్‌కి స్పాట్. దీని గురించి ఇంక రాయాల్సింది లేదు.

జూలై 30

ఈరోజు రిజిస్టర్లో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది.

మూడు నెలల పరీక్షకి అన్నయ్య వచ్చాడు. ఎప్పటిలాగే ముందు ఫోటోలు, తర్వాత డాక్టరమ్మ. వదిన బయట బెంచీ మీద కూచుంది. అన్నయ్య స్టూలెక్కి, "నవ్వకూడదు, తెలుసు," అన్నాడు.

ఎడమ పక్కకి తిరగమన్నాను. చెవి వెనక, కుట్టు మొదలైన చోట, కందిగింజంత ఎర్రగా ఉబ్బి ఉంది. కెమెరా స్టాండు మీదే వదిలేసి దగ్గరికి వెళ్ళాను.

"చెవి వెనక ఎర్రగా ఉబ్బింది. ఎప్పటి నుంచి?"

"ఏమో. మూడు రోజులేమో." చెవి వెనక తడుముకున్నాడు. "ఏంట్రా అది?"

"నాకు తెలీదు. తెలుసుకుందాం పద."

"ఫోటోలు?"

"పద ముందు."

వరుసలో ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళందరినీ బతిమాలి లోపలికి తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి నా మోచేతి పైన ఉంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నావీ అలాగే ఉండి ఉంటాయి.

డాక్టరమ్మ లైటు దగ్గరికి లాక్కుని చూసింది. వేలితో చుట్టూ నొక్కింది, మెడంతా కిందివరకు తడిమింది. చిన్న పట్టకారు అందుకుని ఏదో లాగింది. నల్లటి దారం ముక్క, కనురెప్ప వెంట్రుకంత. దూదితో తుడిచి, "లోపలి కుట్టు దారం. బయటికొస్తోంది. అంతే," అంది. ఇంకోసారి మెడ తడిమింది. "ఇంకేం లేదు. అంతా బాగుంది."

అన్నయ్య ఆ దారాన్ని దూది మీద పెట్టించుకుని చూశాడు. "దీనికేనా ఇంత హడావిడి చేశావు?" అని పెద్దగా నవ్వాడు. సగం నవ్వే. డాక్టరమ్మ కూడా నవ్వింది.

బయటికొచ్చేసరికి వదిన లేచి నిలబడి ఉంది. మేము వరుస దాటుకుని పరిగెత్తడం చూసినట్టుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్నయ్యని కాదు, నన్ను చూసింది.

"ఏమైంది?"

ఏప్రిల్ తర్వాత నాతో అన్న మొదటి మాట.

"చెవి వెనక ఎర్రగా కనపడింది వదినా. నాకు భయమేసింది. అందుకే ఫోటో తీయకుండా తీసుకెళ్ళాను. లోపలి కుట్టు దారం మిగిలిపోయింది, తీసేశారు. గడ్డ కాదు. మెడ మొత్తం రెండుసార్లు తడిమి చూశారు, నేను పక్కనే ఉన్నాను. ఎక్కడా ఏమీ లేదు. మళ్ళీ ఎర్రబడితే మూడు రోజులు ఆగకుండా వెంటనే రమ్మన్నారు."

వదిన బెంచీ మీద కూచుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పు," అంది.

పక్కన కూచుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను.